తిండిని బడ్జెట్‌లో చివర రాయకండి



ఈసారి సిలబస్‌లో లేని అంశం మీద రాస్తున్నాను. గదిలో వంట గురించి. చదివాక ఇది ప్రిలిమ్స్‌కీ మెయిన్స్‌కీ పనికొచ్చేదేనని మీరే ఒప్పుకుంటారని నా నమ్మకం.

ముందు ఒక చిన్న పని చేయండి. మీ నెల ఖర్చులు ఒక కాగితం మీద రాయండి. ఏ వరుసలో రాస్తున్నారో గమనించండి. గది అద్దె, కోచింగ్ ఫీజు వాయిదా, స్టడీ హాల్, టెస్ట్ సిరీస్, జిరాక్సులు, ఫోన్ రీచార్జి. ఇవన్నీ పోగా మిగిలిందాన్ని 'తిండి' అని రాస్తాం. మనలో చాలామంది చేసేది ఇదే. అద్దె ఆలస్యమైతే ఓనర్ తలుపు కొడతాడు. స్టడీ హాల్ ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. తిండి తగ్గిస్తే మాత్రం అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే ఇంటి నుంచి డబ్బు రావడం ఆలస్యమైతే మనం మొదట కోత పెట్టేది తిండికే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ వరుసను తిరగేయండి. తిండిని మొదటి ఖర్చుగా రాయండి. అది మన జేబుకు అందాలంటే రోజుకు ఒక్కసారైనా గదిలో పొయ్యి వెలిగించండి.

నా సంగతి

అశోక్‌నగర్‌లో ముగ్గురం కలిసి ఒక గదిలో ఉండేవాళ్లం. నాది రెండో అటెంప్ట్. మా నాన్న మేస్త్రీ దగ్గర కూలి పని చేస్తాడు. ఐదో తారీఖుకు డబ్బు పంపేవాడు. నెలలో ఇరవై ఐదు దాటిందంటే నా తిండి మారిపోయేది. పొద్దున టీ, నాలుగు బిస్కెట్లు. మధ్యాహ్నం రెండు సమోసాలు. రాత్రి ఒక ప్లేటు ఫ్రైడ్ రైస్ ఇద్దరం పంచుకునేవాళ్లం. అమ్మ ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా?" అంటే, "తిన్ననమ్మా" అనేవాణ్ని. నాకు తెలిసి ఆ వీధిలో రోజూ రాత్రి ఎక్కువగా చెప్పే అబద్ధం అదే.

మెయిన్స్‌కు నెలన్నర ముందు స్టడీ హాల్ మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగా తక్కువ వచ్చింది. డాక్టరు మాత్రలు రాసి, "రోజూ ఏం తింటున్నావ్?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అంతకు ముందు వారమే దేశంలో పోషకాహార లోపం మీద 250 పదాల్లో జవాబు రాసి టెస్టులో మంచి మార్కులు తెచ్చుకున్నాను.

ఇరవై రోజులు చదువు సాగలేదు. ఆ ఏడాది మెయిన్స్ పోయింది. తిండి ఒక్కటే కారణమని అనను. నా ఆన్సర్ రైటింగ్ కూడా అంతంతమాత్రమే. కానీ ఆ ఇరవై రోజులు మాత్రం నా చేజేతులా పోగొట్టుకున్నవి.

ఎంగెల్ సూత్రం మన గదిలో తిరగబడుతుంది

ఎకానమీలో ఎంగెల్ సూత్రం చదివే ఉంటారు. జర్మన్ గణాంక శాస్త్రవేత్త ఎర్నస్ట్ ఎంగెల్ 1857లో చెప్పినది. మార్క్స్ మిత్రుడు ఎంగెల్స్ వేరు, ఇద్దరినీ కలిపేయకండి. కుటుంబ ఆదాయం పెరిగేకొద్దీ మొత్తం ఖర్చులో తిండి వాటా తగ్గుతుందన్నది ఆ సూత్రం. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మన గ్రామాల్లో తిండి వాటా సుమారు 47 శాతం, పట్టణాల్లో సుమారు 40 శాతం. 1999-2000లో ఇవి సుమారు 59, 48 శాతాలు. దీన్ని బట్టి దేశం ముందుకు పోతోందని రాస్తాం. సరే.

ఇప్పుడు మన గదిలోకి రండి. ఇక్కడ తిండి వాటా తక్కువగా ఉందంటే మనం కలవాళ్లమయ్యామని కాదు. అద్దె, ఫీజులు తగ్గవు కాబట్టి తిండిని తగ్గించామని అర్థం. డబ్బు బిగుసుకునేకొద్దీ తిండి వాటా పడిపోతుంది. సగటు అంకె వెనక ఇలాంటి గదులు కూడా ఉంటాయని గుర్తుంచుకుంటే మీ జవాబులో ఒక వాక్యం మెరుగవుతుంది. అంతకంటే ముందు మీ ఒంట్లో రక్తం మెరుగవ్వాలి.

అదే సర్వేలో ఇంకో విషయం ఉంది. తిండి ఖర్చులో అన్నిటికంటే పెద్ద పద్దు బియ్యం, గోధుమలు కాదు. పానీయాలు, ప్రాసెస్ చేసిన ఆహారం. పట్టణాల్లో మొత్తం ఖర్చులో 11 శాతం దాకా దానికే పోతోంది. టీ, బిస్కెట్, సమోసా, నూడుల్స్ మీద మనం పెట్టేది కూడా ఆ కోవలోదే. డబ్బు ఖర్చవుతుంది, కడుపు నిండదు.

అసలు ఎంత తినాలి?

దీనికి జవాబు మన పక్కనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కిలోక్యాలరీలు కావాల్సిన మనిషికి అది చెప్పిన ప్లేటు ఇది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు.

మనం మామూలుగా తినే ప్లేటును దీనితో పోల్చండి. అన్నం రెట్టింపు, పప్పు సగం, కూర రెండు చెంచాలు. కడుపు నిండుతుంది, గంటలో నిద్ర ముంచుకొస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా స్టడీ హాల్‌లో తలలు వాల్చేసే దృశ్యం మీకు కొత్త కాదు. దానికి బద్ధకం అని పేరు పెట్టుకుని మనల్ని మనమే తిట్టుకుంటాం. ఒకసారి ప్లేటు వైపు కూడా చూడండి.

లెక్క

నేను అటెంప్ట్ పోయాక రాసుకున్న లెక్క ఇది. ధరలు అటూ ఇటూగా ఉంటాయి, మీ వీధి ధరలు వేసుకోండి. ఒక మనిషికి, ఒక రోజుకు:

బియ్యం 300 గ్రాములు – 16 రూపాయలు
పప్పు లేదా శనగలు 80 గ్రాములు – 10
కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు – 18
కోడిగుడ్లు రెండు – 14
పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు – 18
నూనె – 4
పల్లీలు ఒక గుప్పెడు – 4
అరటిపండు – 5
ఉల్లిగడ్డ, చింతపండు, ఉప్పు, కారం, పోపు – 8
గ్యాస్ లేదా కరెంటు – 8

మొత్తం 105 రూపాయలు.

బయట తింటే? టిఫిన్ 50, మెస్‌లో భోజనం 100, రాత్రికి 70, మూడు టీలు 40. మొత్తం 260. రోజుకు తేడా 155 రూపాయలు. నెలలో ఇరవై రోజులే వండుకున్నా 3,100 మిగులుతాయి. ఏడాదికి 37 వేలు. నా వాటా అద్దె, తిండి, చిల్లర ఖర్చులు కలిపి నెలకు తొమ్మిది వేలలో గడిపేవాణ్ని. అంటే నాలుగు నెలల బతుకు. ప్రిలిమ్స్ నుంచి మెయిన్స్ దాకా ఉండే మూడు నెలల కంటే ఎక్కువ. "ఇంక పంపలేను బిడ్డా" అనే మాట ఇంటి నుంచి వచ్చేలోపు మనకు దొరికే గడువు అది.

2019-20 ఆర్థిక సర్వేలో 'థాలినామిక్స్' అనే అధ్యాయం ఉంది. భోజనం ధరను కార్మికుడి రోజు కూలీతో పోల్చి చూశారు. 2006-07 నుంచి 2019-20 మధ్య శాకాహార భోజనం 29 శాతం, మాంసాహార భోజనం 18 శాతం మేర మరింత అందుబాటులోకి వచ్చిందని తేల్చారు. ఆ అంకెలు గుర్తుపెట్టుకోండి, కానీ పద్ధతిని మీ ఇంటికి కూడా వర్తింపజేయండి. మా నాన్నకు పని దొరికిన రోజు 700 వస్తాయి. బయట తింటే నా ఒక్కడి తిండికే ఆ కూలీలో మూడో వంతు పైన పోతుంది. వండుకుంటే ఏడో వంతు. ఈ భాగహారం చేసిన రోజు నాకు సమోసా సహించలేదు.

ఒక కుక్కర్ చాలు

వంట రాదని భయపడకండి. వంటగాడు కావాల్సిన పని లేదు. ఐదు లీటర్ల కుక్కర్, అందులో పట్టే రెండు గిన్నెలు, ఒక మూకుడు, ఒక కత్తి. ఇంతే సామాను.

మొదటిది, అన్నం పప్పు ఒకేసారి. అరగంట నానిన కందిపప్పు, తరిగిన పాలకూర, రెండు పచ్చిమిరపకాయలు, పసుపు, సరిపడా నీళ్లు కింది గిన్నెలో. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోసి పై గిన్నెలో. కుక్కర్ అడుగున గ్లాసున్నర నీళ్లు పోయడం మరచిపోకండి. నాలుగు విజిళ్లు వచ్చాక ఆపేయండి. ఉప్పు, చింతపండు పులుసు మాత్రం పప్పు ఉడికాకే వేయాలి. పులుపు ముందే వేస్తే పప్పు ఉడకదు. మొదటి వారం నేను తిన్న పలుకు పప్పుకు కారణం అదే. తర్వాత వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్రతో పోపు. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అదే ఐరన్ సరిగా అందదు. గంట ఆగండి.

రెండోది పులగం. రెండు పాళ్లు బియ్యం, ఒక పాలు పొట్టు పెసరపప్పు, మిరియాలు, పసుపు, ఉప్పు. కొంచెం ఎక్కువ నీళ్లు పోసి అన్నీ కలిపి ఉడికించడమే. ఇంటి నుంచి తెచ్చుకున్న పల్లీల కారం, పెరుగు ఉంటే ఇంకేం వద్దు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది. పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. మన పెద్దవాళ్లు ఈ పేర్లు తెలియకుండానే ఆ రెంటినీ కలిపి వండారు.

మూడోది గుగ్గిళ్లు. రాత్రి నానబెట్టిన శనగలు లేదా బొబ్బర్లు పొద్దున ఉడికించి, పోపు పెట్టి, ఉల్లిగడ్డ ముక్కలు కలిపి డబ్బాలో పోసుకుని స్టడీ హాల్‌కు పట్టుకెళ్లండి. నాలుగు గంటలకు బిస్కెట్ ప్యాకెట్ జోలికి పోరు.

నాలుగోది ఉల్లిగడ్డ, టమాటా వేసిన కోడిగుడ్డు పొరటు. పది నిమిషాల పని. చపాతీ కొనుక్కున్నా సరే, అన్నంలోకైనా సరే.

ఒక జాగ్రత్త. మిగిలిన అన్నాన్ని ఎండాకాలం రాత్రంతా అలాగే వదిలేసి మర్నాడు వేడి చేసుకుని తినకండి. కడుపు చెడితే మిగిల్చిన డబ్బంతా మందుల షాపుకే. ఏ పూటకు కావాల్సింది ఆ పూటే కొలుచుకుని వండండి.

టైమ్ ఎక్కడిది?

ఇది నేను ఎక్కువగా వినే అభ్యంతరం. "అన్నా, వంట చేస్తూ కూర్చుంటే చదివేదెప్పుడు?" అని జూనియర్లు అడుగుతారు. గడియారం పెట్టి చూశాను. కూరగాయలు తరగడం పదిహేను నిమిషాలు, కుక్కర్ ఇరవై ఐదు, పోపు ఐదు, గిన్నెలు కడగడం పది. అంతా కలిపి గంటలోపే. ఇందులో కుక్కర్ పొయ్యి మీద ఉన్న ఇరవై ఐదు నిమిషాల్లో ఎడిటోరియల్ పేజీ అయిపోతుంది. మెస్‌కు నడిచి వెళ్లడం, క్యూలో నిలబడడం, తిన్నాక టీ కొట్టు దగ్గర కటాఫ్ ఎంత ఉండొచ్చు అని చర్చించడం, ఇవన్నీ కలిపితే ఎంతవుతుందో మీరూ ఒకసారి గడియారం చూడండి.

ఇంకో అభ్యంతరం ఓనర్. కొందరు వంటకు ఒప్పుకోరు. గది తీసుకునే ముందే అడగండి. గ్యాస్ వద్దంటే ఇండక్షన్ పొయ్యికి ఒప్పుకుంటారేమో అడగండి. 1200 వాట్ల మీద ఇరవై ఐదు నిమిషాలు నడిస్తే అర యూనిట్ కరెంటు. సబ్ మీటర్ ఉంటే ఆ లెక్క చూపించి మాట్లాడుకోవచ్చు. గ్యాస్ కావాలంటే అడ్రస్ ప్రూఫ్ లేకుండా గుర్తింపు కార్డుతోనే డిస్ట్రిబ్యూటర్ల దగ్గర 5 కిలోల సిలిండర్ దొరుకుతుంది. వీధి దుకాణాల్లో అక్రమంగా నింపి అమ్మేవాటి జోలికి మాత్రం పోకండి. వండేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి.

మీ కుటుంబానికి రేషన్ కార్డు ఉండి, అందులో మీ పేరుంటే, మీ వాటా బియ్యం కూడా మీ హక్కే. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఊరి నుంచి వచ్చేటప్పుడు మూట కట్టుకుని రండి. బస్సులో బియ్యం సంచీతో దిగడానికి మొహమాటపడే మనం, రేపు కలెక్టరుగా రేషన్ దుకాణం తనిఖీకి వెళ్లి ఏం చూస్తాం?

ఎవరు వండాలి?

మా గదిలో మొదట్లో ఒక్కడే వండేవాడు. వాడికి వచ్చు కాబట్టి. మేమిద్దరం తిని, "సూపర్ ఉంది రా" అని పుస్తకం తీసుకునేవాళ్లం. రెండు వారాలకు వాడు గరిటె కింద పెట్టేశాడు. "నాకూ పరీక్ష ఉంది" అన్నాడు. మాకు సిగ్గేసింది. ఆ రోజే గోడ మీద పట్టీ అంటించాం. ఒకరు తరగాలి, ఒకరు వండాలి, ఒకరు కడగాలి. వారానికోసారి మార్పు. డబ్బు ముగ్గురిదీ ఒకే డబ్బాలో.

2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి పనుల్లో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు ఆ పనికే ఇస్తున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. జీతం లేని ఇంటి పని మీద వ్యాసం రాసేటప్పుడు ఈ అంకె మనందరం వేస్తాం. మన కోచింగ్ క్లాసులోనే పెళ్లయిన అక్కలు, ఇంటి నుంచి ప్రిపేరయ్యే చెల్లెళ్లు ఉన్నారు. వాళ్లు ఇంట్లో అందరికీ వండిపెట్టి, అందరూ పడుకున్నాక పుస్తకం తెరుస్తారు. వాళ్లకు నేను "వండుకోండి" అని చెప్పను. వాళ్ల ఇళ్లలో ఉన్న అన్నలకు, తమ్ముళ్లకు, భర్తలకు చెబుతాను. ఈ వ్యాసం ముఖ్యంగా మీ కోసమే. కుక్కర్ మూత పెట్టడం మీకూ వస్తుంది.

వండలేని రోజు

మెస్‌లకు నేను వ్యతిరేకిని కాను. పొద్దున నాలుగింటికి లేచి వందల మందికి వండిపెట్టేవాళ్ల కష్టం, ఒక గిన్నె పప్పు చేసినవాడికి ఇంకా బాగా తెలుస్తుంది. ప్రిలిమ్స్ ముందు పది రోజులు నేనూ వండను. అలాంటప్పుడు అన్నం గదిలో వండి, కూర మాత్రం కర్రీ పాయింట్‌లో తెచ్చుకోవచ్చు. సగం ఖర్చు తగ్గుతుంది. ఒక గుడ్డు ఉడకబెట్టుకుంటే ఇంకా మంచిది. చేతిలో డబ్బు లేని రోజు 5 రూపాయల భోజనం ఉంది. హైదరాబాద్‌లో 2014 నుంచి నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లున్నాయి. ఆ వరుసలో నిలబడడం చిన్నతనం కాదు. టీ బిస్కెట్లతో రోజు వెళ్లదీసి, ఇంటికి "తిన్నాను" అని చెప్పడమే తప్పు.

ఒక మాట మాత్రం మరచిపోకండి. మనం కుక్కర్ కొనుక్కున్నంత మాత్రాన నిరుద్యోగం, నోటిఫికేషన్ల ఆలస్యం, నగరంలో అద్దెలు సర్దుకోవు. అవి వేరే ప్రశ్నలు. ఆ ప్రశ్నలు గట్టిగా అడగాలన్నా, ఇంకో ఏడాది ఈ పరీక్షలో నిలబడాలన్నా, ముందు ఒంట్లో సత్తువ ఉండాలి.

కాబట్టి ఈ నెల ఐదో తారీఖున డబ్బు రాగానే మొదట కిరాణా కొట్టుకు వెళ్లండి. బియ్యం, రెండు రకాల పప్పులు, శనగలు, పల్లీలు, నూనె, ఒక అట్ట గుడ్లు. తర్వాతే మిగతా పద్దులు. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేస్తే "తిన్ననమ్మా" అని మాత్రమే చెప్పకండి, ఏం వండారో కూడా చెప్పండి. పప్పులో చింతపండు ఎప్పుడు వేశావని ఆమె తప్పకుండా అడుగుతుంది.

సాధన ప్రశ్న: "ఆహార భద్రత అంటే ధాన్యం అందుబాటు ఒక్కటే కాదు, వండుకునే సమయం, స్థలం, ఇంధనం కూడా." నగరాలకు వలస వచ్చిన యువతను దృష్టిలో ఉంచుకుని చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)

రాసే ముందు కుక్కర్ పెట్టండి. నాలుగు విజిళ్లలోపు జవాబు పూర్తవ్వాలి.